కుడివైపు రంధ్రాల దగ్గరే ఎందుకు చీలింది: ఒక వెనక చక్రం కేసు

నా సైకిలు రిపేరు షాపుకు వచ్చిన చక్రం ఇది, పుల్లలు దిగే రంధ్రాల దగ్గర రిమ్ము చీలింది. సైకిలు వి-బ్రేకుల హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిలుకూ మౌంటెన్ సైకిలుకూ మధ్య రకం, బ్రేకు రబ్బర్లు రిమ్మును రెండు పక్కలా పడతాయి. 700సి చక్రాలు, అంటే టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. వెనక 32 పుల్లలు, 8 గేర్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట), 28 మిల్లీమీటర్ల టైరు. నడిపే ఆయన బరువు 94 కిలోలు, వీపున లాప్‌టాప్ బ్యాగు అదనం. రోజూ గాజువాక నుంచి సిరిపురం ఆఫీసుకు, సెలవుల్లో బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి, వీలైనప్పుడు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగడం.

వెనక చక్రం బెండు తీయిస్తే వారానికే మళ్లీ వస్తోందని, ఎక్కుడు మీద తొక్కుతుంటే టక్కుటక్కుమని చప్పుడు వస్తోందని ఆయన ఫిర్యాదు. చరిత్ర అడిగితే అసలు సంగతి బయటపడింది. సైకిలుతో వచ్చిన మొదటి రిమ్ము ఇలాగే చీలింది. అప్పుడు వేరే షాపులో అదే రకం కొత్త రిమ్మును పాత పుల్లలతోనే అల్లించుకున్నారు. ఈ రెండోది 8,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయన కోరిక ఒకటే: "అన్నిటికంటే గట్టి రిమ్ము ఏదో అది వేసెయ్యండి, ఖర్చు సంగతి చూసుకుందాం."

షాపులో ఎక్కువమంది అడిగేది ఇదే. అయితే ఈ మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గుంతలో పడితే వంగకుండా నిలవడం ఒకటి. వేల కిలోమీటర్లు తిరిగాక కూడా చీలకుండా, అరగకుండా ఉండడం ఇంకొకటి. మొదటిది రిమ్ము ఆకారం మీద, టైరు మీద ఆధారపడుతుంది. రెండోదాన్ని తేల్చేది పుల్ల రంధ్రం దగ్గరి లోహం, పుల్లల టెన్షన్ (ఎంత బిగువుగా లాగి ఉన్నాయన్నది), బ్రేకు పట్టే గోడ మందం. ఒకదానిలో గెలిచిన రిమ్ము రెండోదానిలో ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈయనకు ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందు తేల్చాలి.

విప్పి చూస్తే

టైరు, ట్యూబు, రిమ్ టేపు తీసి, రిమ్మును కిరోసిన్ గుడ్డతో తుడిచి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూశాను. హబ్బు (చక్రం మధ్య ఇరుసు భాగం) వైపు గోడలో ఐదు రంధ్రాల దగ్గర చీలికలు. అన్నీ రిమ్ము చుట్టూ సాగే దిశలోనే పాకాయి. రెండు చోట్ల నిపుల్ (పుల్ల కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) చుట్టూ లోహం పొక్కులా పైకి లేచింది. ఐదూ కుడివైపు పుల్లలవే, అంటే చైను వైపువి. ఎడమ వైపు ఒక్కటి కూడా లేదు. ముందు చక్రం రిమ్ములో కూడా ఏమీ లేదు.

గుంతలో పడడం వల్లే చీలిందని ఆయన నమ్మకం. గట్టి దెబ్బ తగిలితే దాని జాడ టైరు పట్టే అంచు మీద ఉంటుంది: అంచు లోపలికి నొక్కుకుపోవడమో, ఆ చోట చక్రం చదునవడమో. ఇక్కడ రెండూ లేవు. స్టాండులో తిప్పితే పక్క ఊపు ఉంది గానీ ఎత్తుపల్లం లేదు. పైగా ఒక చీలిక దగ్గర హ్యాక్సా బ్లేడుతో కోసి తెరిచి చూస్తే, రంధ్రం దగ్గరి భాగం నల్లగా మాసి ఉంది, కొసలో మాత్రం వెండిలా మెరుస్తోంది. ఒక్క దెబ్బకు పగిలి ఉంటే మొత్తం ఒకే రంగులో ఉండేది. నెలల తరబడి కొంచెం కొంచెంగా పాకిన చీలిక ఇది. ఇంజినీర్లు ఫెటీగ్ అనేది దీన్నే.

టెన్షన్ మీటరు పెడితే బొమ్మ ఇంకా స్పష్టమైంది. కుడివైపు చీలిన రంధ్రాల పుల్లలు వదులుగా, 80 కిలోల లాగుడు దగ్గర ఉన్నాయి. వాటి పక్క కుడి పుల్లలు కొన్ని 140 దాటాయి. ఎడమ వైపు 30 నుంచి 80 దాకా ఎలా పడితే అలా ఉన్నాయి. రోడ్డు సైకిళ్ల రిమ్ములకు తయారీదారులు సాధారణంగా చెప్పే గరిష్ఠ టెన్షన్ 120 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 140 అంటే రిమ్ము భరించాల్సినదానికంటే చాలా ఎక్కువ.

వారం వారం బెండు ఎందుకు వస్తోందో కూడా ఇక్కడే అర్థమైంది. రంధ్రం చీలితే నిపుల్ ఆ గోడలోకి కాస్త కుంగుతుంది, పుల్ల వదులవుతుంది, రిమ్ము ఎడమకు జరుగుతుంది. బెండు తీసే మనిషి ఏం చేస్తాడు? ఆ వదులైన పుల్లనే, దాని పక్కవాటినే బిగిస్తాడు. చక్రం అప్పటికి నిటారుగా వస్తుంది, చీలిక మాత్రం ఇంకాస్త తెరుచుకుంటుంది. వారానికోసారి పరుగెత్తుకెళ్లి చేయించిన రిపేరే ఈ రిమ్మును తొందరగా చంపింది. ఆయన ఎక్కుడు మీద విన్న చప్పుడు చీలిన లోహం అంచులు ఒకదానికొకటి రాసుకోవడం.

కుడివైపే ఎందుకు?

వెనక హబ్బులో క్యాసెట్ కుడివైపు చోటు తినేస్తుంది. అందుకని కుడి పుల్లలు దాదాపు నిటారుగా, ఎడమ పుల్లలు ఏటవాలుగా నిలబడతాయి. రిమ్ము మధ్యలో ఉండాలంటే కుడివైపు గట్టిగా, ఎడమ వైపు తక్కువగా లాగక తప్పదు. ఇలాంటి 8 గేర్ల హబ్బులో ఎడమ టెన్షన్ కుడిదానిలో 55 నుంచి 65 శాతం దాకా ఉంటుంది. ఎవరు ఎంత బాగా అల్లినా ఈ తేడా పోదు.

ఇంకో విషయం చాలామందికి వింతగా ఉంటుంది. సైకిలు ఎక్కి కూర్చుంటే బరువు పై పుల్లలకు వేలాడుతుందని అనుకుంటారు. మీటరు పెట్టి చూస్తే పై పుల్లల్లో మార్పు అంతంత మాత్రమే. నేలకు తగిలే చోట రిమ్ము కాస్త లోపలికి నొక్కుకుంటుంది, అక్కడి కొద్ది పుల్లల టెన్షన్ తగ్గుతుంది, చక్రం తిరిగాక మళ్లీ పెరుగుతుంది. అంటే ప్రతి పుల్ల చుట్టుకొకసారి వదులై బిగుస్తుంది. ఈ సైజు చక్రం కిలోమీటరుకు 470 చుట్లు తిరుగుతుంది. 8,000 కిలోమీటర్లంటే 37 లక్షల పైచిలుకు సార్లు అదే రంధ్రం దగ్గర లోహాన్ని లాగి వదలడం. ఉక్కులో ఒక హద్దుకు లోబడిన ఒత్తిడైతే ఎన్నిసార్లు వచ్చినా ఆచరణలో చీలిక రాదు. అల్యూమినియంకు అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ఒత్తిడైనా తగినన్నిసార్లు వస్తే ఎప్పటికో ఒకప్పుడు చీలుతుంది. ఆ "ఎప్పటికో" ఐదు వేల కిలోమీటర్లా, యాభై వేలా అనేదే మన చేతిలో ఉన్నది.

పోనీ టెన్షన్ బాగా తగ్గించేద్దామా? అదీ కుదరదు. తక్కువైతే ఎడమ పుల్లలు కింద పూర్తిగా వదులైపోయి, మళ్లీ బిగుసుకునేటప్పుడు మెడ దగ్గర తెగుతాయి. ఎక్కువ బరువున్నవాళ్ల చక్రాల్లో నేను మార్చే పుల్లల్లో చాలా భాగం ఇలా వదులై తెగినవే.

కోసి పోల్చిన నాలుగు రిమ్ములు

చచ్చిపోయిన రిమ్ములను నేను పారెయ్యను. ఆయనకు మాటల్లో చెప్పే కంటే చూపించడం మేలని నాలుగింటిని అడ్డంగా కోసి బల్ల మీద పెట్టాను. పాత నల్ల సైకిలు ఉక్కు రిమ్ము, 28 బై ఒకటిన్నర సైజుది. చవక 26 అంగుళాల సింగిల్ వాల్ (ఒకే గోడ ఉండే) అల్యూమినియం రిమ్ము. ఈ కేసులోది. ఇంకొకటి, బరువు వేసుకుని దూరాలు తిరిగే సైకిలుకు వేసే 36 రంధ్రాల డబుల్ వాల్ (పుల్లల వైపు ఒకటి, టైరు వైపు ఒకటి, రెండు గోడలుండే) టూరింగ్ రిమ్ము, బ్రేకులకు అరిగిపోయి వచ్చింది.

ఉక్కుది తూకంలో కిలో దగ్గర పడింది, కేసులోది అర కిలో కూడా లేదు. రెండింటినీ ఎదురెదురుగా రెండు ఇటుకల మీద పడుకోబెట్టి, మిగతా రెండు వైపులా సమానంగా బరువు వేలాడదీస్తే ఉక్కుదే ఎక్కువ కుంగింది. సైజులు వేరు కాబట్టి దీన్ని ల్యాబ్ పరీక్ష అననుగానీ తేడా కంటికి కనిపించేంత ఉంది. చూసినవాళ్లంతా ఆశ్చర్యపోతారు. ఉక్కు అల్యూమినియం కంటే మూడు రెట్లు బిగువైన లోహం కదా! నిజమే, కానీ బరువు కూడా దాదాపు మూడు రెట్లు. అదే బరువులో అల్యూమినియం మూడింతల జాగా ఆక్రమిస్తుంది, కాబట్టి దానితో లోతైన, మూసిన పెట్టె ఆకారం చెయ్యొచ్చు. ఉక్కు రిమ్ము మధ్యలో తెరిచి ఉన్న కాలువ. మూత తెరిచిన అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, తర్వాత మూత అంటించి మెలిపెట్టండి. డబుల్ వాల్ గొప్పతనం అంతా అందులో ఉంది. చవక సింగిల్ వాల్ అల్యూమినియంకు ఉక్కు బలమూ లేదు, పెట్టె ఆకారమూ లేదు. పిల్లల సైకిలుకు చాలు, పెద్దవాళ్లకు నేను వెయ్యను.

బిగువుగా ఉన్న రిమ్ము పుల్లలను కూడా కాపాడుతుంది. నేల నుంచి వచ్చే బరువును ఎక్కువ పుల్లలకు పంచుతుంది, దాంతో ఒక్కో పుల్ల మీద ఊగిసలాట తగ్గుతుంది. మెత్తని రిమ్ములో ఆ బరువంతా రెండు మూడు పుల్లల మీదే పడుతుంది.

ఇక మన్నిక సంగతి. కేసు రిమ్ములో పుల్లల వైపు గోడ వెర్నియర్‌లో 1.2 మిల్లీమీటర్లు, రంధ్రానికి ఐలెట్, అంటే అంచుకు తొడిగే లోహపు రింగు, లేదు. టూరింగ్ రిమ్ములో అదే గోడ 2.1, పైగా ఉక్కు ఐలెట్ గిన్నెలా దిగి రెండు గోడలనూ పట్టుకుంటుంది, నిపుల్ లాగుడు రెండింటికీ పంచుకుంటుంది. ఈ రెండింటి బరువు తేడా నూటయాభై గ్రాముల లోపే. లోహాన్ని ఎక్కడ పెట్టారన్నదే లెక్క. గట్టి నల్ల పూత వేసిన రిమ్ములు కొన్ని ఉంటాయి, అరుగుదలకు బాగా తట్టుకుంటాయని అమ్ముతారు. ఆ మందపాటి ఆనడైజింగ్ పొర పెళుసుది. దానిలో పడ్డ సన్నని గీతలే లోపలి లోహానికి చీలిక మొదళ్లవుతాయి. రంగు కోసం వేసే పల్చటి పూతతో ఆ బాధ లేదు.

టూరింగ్ రిమ్ము ఎలా చచ్చిందో కూడా చూడాలి. ఒక్క రంధ్రమూ చీలలేదు. బ్రేకు గోడ మాత్రం మధ్యలో లోపలికి గుంటపడి 0.8 మిల్లీమీటర్లకు వచ్చింది. అక్కడ టైరు గాలి ఒత్తిడి అంచులను బయటికి తోస్తూ ఉంటుంది, గోడ పల్చబడితే ఏదో ఒక రోజు అంచు చీరుకుపోతుంది. విశాఖలో వానాకాలం తొక్కేవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. తడి ఇసుక బ్రేకు రబ్బరులో ఇరుక్కుని ఆకురాయిలా గీకుతుంది. డిస్కు బ్రేకు సైకిళ్లకు ఈ అరుగుదల ఉండదు, ఆ రిమ్ముల ఆయువు రంధ్రాల మీదా దెబ్బల మీదా మాత్రమే ఆధారపడుతుంది.

మరి చేపల సైకిలు అన్నేళ్లు ఎలా నడుస్తోంది?

ఇది ఆయన అడిగిన ప్రశ్నే, మంచి ప్రశ్న. హార్బరు నుంచి చేపల పెట్టెలు మోసే నల్ల సైకిళ్లను ఆయన రోజూ చూస్తారు. తన బరువుకు మించినదే వాటి క్యారియర్ మీద ఉంటుంది, అయినా ఆ రిమ్ములు చీలవు.

వెనక చక్రంలో 40 పుల్లలు, ముందు 32. ఒకే పళ్ల చక్రం (ఫ్రీవీల్) కాబట్టి కుడి ఎడమల తేడా చాలా తక్కువ. పుల్లల టెన్షన్ మన హైబ్రిడ్‌తో పోలిస్తే తక్కువ. టైరు ఒకటిన్నర అంగుళం. వేగం మెల్లగా. రంధ్రం దగ్గర ఒత్తిడి ఉక్కు సులువుగా తట్టుకునే హద్దులోనే ఉంటుంది. రిమ్ము వంగుతుంది, నిజమే, తరచూ వంగుతుంది. కానీ ఉక్కు వంగితే మళ్లీ వంచి సరిచేయొచ్చు. కాలితో తొక్కి, సుత్తితో కొట్టి చక్రం దారిలో పెట్టే మేస్త్రీలు ఊరూరా ఉన్నారు. అల్యూమినియం ఒకసారి గట్టిగా వంగాక తిరిగి వంచితే ఆ చోట బలహీనమైపోతుంది.

ఆ ఉక్కు రిమ్ములను చంపేది తుప్పు. ఉప్పు నీళ్లు కారే చేపల పెట్టె కింద చక్రం, పక్కన సముద్రపు గాలి. పుల్ల రంధ్రాల్లోంచి నీళ్లు టైరు కింద కాలువలోకి చేరి ఎండవు. బయట క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, టైరు విప్పితే లోపల పొరలు పొరలుగా ఊడుతుంది. నిపుల్ పుల్లకు అతుక్కుపోయి తిరగదు, తిప్పితే పుల్ల తెగుతుంది. బ్రేకు విషయంలో ఇంకో లోపం: క్రోమ్ ఉక్కు మీద తడిలో రబ్బరు పట్టదు. మెల్లగా వెళ్లే చేపల సైకిలుకు పర్వాలేదు, అనంతగిరి ఘాట్ దిగే హైబ్రిడ్‌కు అది ప్రాణాంతకం. కాబట్టి ఉక్కు మాట అక్కడితో ఆగింది.

కార్బన్ గురించి కూడా అడిగారు. లోతుగా చేసిన కార్బన్ రిమ్ము బరువుకు తగ్గ బిగువులో అన్నిటినీ మించుతుంది, మంచిగా చేసినదైతే ఫెటీగ్‌కు బాగా తట్టుకుంటుంది. కానీ రిమ్ము మీద పట్టే బ్రేకుతో పొడవైన ఘాట్ దిగితే వేడికి దానిలోని రెసిన్ జిగురు మెత్తబడే ప్రమాదం ఉంది. అల్యూమినియం ఆ వేడిని తొందరగా చుట్టూ పంచి గాలికి వదిలేస్తుంది. ధర చూస్తే సైకిలు కంటే చక్రాలే ఎక్కువవుతాయి. ఈ పనికి కార్బన్ కాదు.

ఏం వేశాను

తూకం వేసి చూస్తే ఈయనకు కావల్సింది మన్నిక, అందులోనూ రంధ్రం దగ్గరి మన్నిక. దెబ్బల సంగతి టైరుతో చూసుకోవచ్చు.

ఐలెట్లున్న 36 రంధ్రాల టూరింగ్ రిమ్ము తెప్పించాను, లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు, పిన్నులు పెట్టి కలిపింది కాకుండా అతుకు వెల్డింగ్ చేసినది. అతుకు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, పుల్లల లాగుడుకు రెండూ మూసుకునే ఉంటాయి. బ్రేకు పట్టినప్పుడు దడదడ రాకుండా ఉంటుందని వెల్డింగ్ ఎంచుకున్నాను. రంధ్రాలు మారాయి కాబట్టి హబ్బు కూడా మార్చాలి. ఖర్చు అందుకే పెరిగింది, ఆ మాట ముందే చెప్పాను.

పుల్లలు స్టెయిన్‌లెస్, నడుము సన్నగా ఉండే బటెడ్ రకం. కుడివైపు 2.0 నుంచి 1.8కి సన్నబడేవి, ఎడమ వైపు ఇంకా సన్ననివి. సన్న పుల్ల అదే టెన్షన్‌కు ఎక్కువ సాగుతుంది. రిమ్ము నొక్కుకున్నప్పుడు పూర్తిగా వదులవకుండా కాస్త సాగుడు మిగిలి ఉంటుంది. ఎడమ వైపు కావల్సింది సరిగ్గా అదే. లావు పుల్ల వేస్తే చక్రం గట్టిపడుతుందని అందరూ అంటారు. ఎడమ వైపు దానివల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ.

మూడు క్రాసుల అల్లిక, అంటే ప్రతి పుల్ల అదే వైపు మరో మూడు పుల్లలను దాటుతుంది. నిపుల్ మరలకు అవిసె నూనె: బిగించేటప్పుడు జారుడుగా ఉంటుంది, ఆరాక పట్టుకుంటుంది. సముద్రపు గాలికి నిపుల్ అతుక్కుపోకుండా కూడా పనికొస్తుంది. కుడివైపు సగటు 112 కిలోలకు, ఎడమ వైపు 66 దగ్గరకు తెచ్చాను. సగటు కంటే నాకు ముఖ్యం సమానత. ఒకే వైపు పుల్లల్లో ఐదారు శాతానికి మించి తేడా ఉంటే, చక్రం ఎంత నిటారుగా తిరిగినా దాన్ని స్టాండులోంచి దింపను. పుల్లలను జతలుగా చేత్తో గట్టిగా నొక్కి, మెలికలు వదిలించి, మళ్లీ మీటరు పెట్టి సరిచేశాను. మిషను మీద అల్లిన చక్రాల్లో తరచూ తగ్గేది ఈ చివరి పనే.

ఇదంతా టైరు లేకుండా కొలిచినది. గాలి నిండా కొడితే టైరు రిమ్మును లోపలికి నొక్కుతుంది, పుల్లల టెన్షన్ కొంత దిగుతుంది. అందుకే రెండు కొలతలూ రాసి పెట్టుకుంటాను, తర్వాత ఎప్పుడైనా చక్రం వస్తే టైరు విప్పకుండానే పోల్చుకోవచ్చు.

టైరు 28 నుంచి 37కి మార్చాను, ఫ్రేములో చోటు ఉంది. 100 పీఎస్‌ఐ కొట్టేవారు, ఇప్పుడు వెనక 65 చాలు. గుంత అంచు రిమ్ముకు తగలకుండా అడ్డుపడేది ఈ గాలి దిండే. రిమ్ము మార్చకుండా టైరు ఒక్కటి మార్చినా వంగే కేసులు సగం తగ్గుతాయని నా అంచనా. దీనికి వేగం తగ్గుతుందేమోనని ఆయనకు అనుమానం. మన రోడ్ల మీద అలాంటి తేడా ఏమీ తెలియలేదని తర్వాత ఆయనే చెప్పారు.

తర్వాత

మొదటి కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి తెమ్మన్నాను. ఎడమ వైపు రెండు పుల్లలు కాస్త దిగాయి, సరిచేశాను. ఆ తర్వాత బెండు రాలేదు. వానాకాలం దాటి, 6,000 కిలోమీటర్ల దగ్గర మళ్లీ విప్పి చూస్తే రంధ్రాల దగ్గర చీలిక లేదు, పొక్కు లేదు. రెండు ఐలెట్ల చుట్టూ సన్నగా తెల్లని పొడి కనిపించింది. ఉక్కు, అల్యూమినియం, ఉప్పు తడి కలిస్తే వచ్చేదే అది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఒక్కో నిపుల్ దగ్గర చుక్క నూనె వేశాను. బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చిన రోజు చక్రాలకు మంచినీళ్లు పొయ్యమని చెప్పాను. దీన్ని వదిలేస్తే ఎంత మంచి రిమ్మైనా రంధ్రం దగ్గర ముందే బలహీనపడుతుంది.

ఒక సంగతి చెప్పాలి. రిమ్ము, పుల్లల సంఖ్య, పుల్లల రకం, టెన్షన్, టైరు, అన్నీ ఒకేసారి మార్చాను. అందులో దేని వాటా ఎంత అని ఈ ఒక్క చక్రం చూసి విడదీయలేను. కొత్త రిమ్ము 6,000 దాటినంత మాత్రాన గెలిచినట్టూ కాదు, పాతది 8,000 దాకా వెళ్లింది. అయితే పాతది ఆ దూరానికి ఎన్నోసార్లు పుల్లలు బిగించే స్పోకు చావి రుచి చూసింది, ఇది మొదటి సర్దుబాటు తర్వాత చూడలేదు. నా లెక్కలో అది పెద్ద తేడా. సైకిళ్ల భద్రతా ప్రమాణం ఐఎస్‌ఓ 4210లో హబ్బును పట్టి రిమ్మును పక్కకు నెట్టి, బలం తీసేశాక ఎంత వంపు మిగిలిందో కొలిచే పరీక్ష ఉంది. కొత్త చక్రం వంగుతుందా లేదా అని అది చెబుతుంది. ఈయన మొదటి చక్రం ఆ పరీక్షలో హాయిగా నెగ్గే ఉంటుంది. చీలే కేసులను అక్కడ వెతకడం వృథా.

ముందు చక్రం పాతదే ఉంచాను. ముందు బరువు తక్కువ, రెండు వైపులా పుల్లలు సమానం, రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. దాని బ్రేకు గోడ మాత్రం 1.1 మిల్లీమీటర్లకు వచ్చింది. ఘాట్ దిగేటప్పుడు పని చేసేది ఎక్కువగా ముందు బ్రేకే కాబట్టి వచ్చే వానలకు ముందు మళ్లీ కొలవాలి, 1.0 కిందికి వస్తే రిమ్ము మార్చెయ్యడమే. ఈసారి అదే 32 రంధ్రాల హబ్బు ఉంచి, ఐలెట్లున్న రిమ్ము ఒక్కటే వేస్తాం. పుల్లలు కూడా కొత్తవే.